బెట్టింగ్ మానాలంటే ముందు తాళం వేయాల్సింది డబ్బుకి

వస్తువేదైనా పోతే "పోయిన చోటే వెతుక్కోవాలి" అంటారు పెద్దలు. బెట్టింగ్‌లో చిక్కుకున్నవాళ్లు ఆ మాటనే డబ్బుకి పట్టిస్తారు. మూడు వేలు పోయాయి, ఇంకో మూడు వేలు లోడ్ చేస్తే రికవరీ అయిపోతుంది, అక్కడితో ఆపేస్తా అనుకుంటారు. రాత్రి పదకొండున్నరకి మూడు వేలతో మొదలైంది తెల్లారేసరికి నలభై వేలవుతుంది. అలా అవడానికి ఆశ కంటే ఈ రికవరీ లెక్కే పెద్ద కారణం.

ఆడాలన్న తహతహ అలలా వస్తుంది. పెరుగుతుంది, ఒక దశలో ఊపిరాడనివ్వదు, దానికి మేత పడకపోతే చాలామందిలో అరగంట లోపే తగ్గుముఖం పడుతుంది. కానీ ఫోన్‌లో ఆ అల లేచిన క్షణానికీ డబ్బు వెళ్లిపోవడానికీ మధ్య ఉండేది ఇరవై సెకన్లు. యాప్ తెరవడం, క్యూఆర్ స్కాన్ చేయడం, పిన్ కొట్టడం, అంతే. అందుకే "గట్టిగా అనుకో, మానేస్తావు" అన్న సలహా నిలబడదు. ఆ ఇరవై సెకన్లను గంటలు, వీలైతే రోజులు చేయాలి. కింద చెప్పే ప్రతి పనీ అందుకోసమే. ఒక్కో అడ్డంకి విడిగా చూస్తే బలహీనమే, నాలుగైదు కలిస్తేనే పనిచేస్తాయి. ఇంకో షరతు కూడా ఉంది: తాళంచెవి ఆడే మనిషి దగ్గర ఉండకూడదు.

ఇక్కడ మన దేశానికే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది చెప్పాలి. బ్రిటన్‌లాంటి చోట్ల లైసెన్సున్న కంపెనీలు ఉంటాయి కాబట్టి "నన్ను ఆడనివ్వకండి" అని ఒకచోట నమోదు చేసుకుంటే అన్నీ ఆపేస్తాయి. మన దగ్గర ఆ దారి లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవాళ్లకి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. పేరున్న రమ్మీ, ఫాంటసీ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మిగిలినవి విదేశీ సైట్లు, వాట్సాప్‌లో "ఐడీ" (బెట్టింగ్ సైట్‌లోకి లాగిన్) అమ్మే బుకీలు, టెలిగ్రామ్‌లో తిరిగే కలర్ ప్రిడిక్షన్, ఏవియేటర్ తరహా పందెం ఆటల లింకులు. వీటిలో డిపాజిట్ పరిమితి పెట్టుకునే సదుపాయాన్ని నమ్మలేం. అకౌంట్ మూసేయమంటే బోనస్ ఇస్తామని ఫోన్ చేస్తారు. కాబట్టి తాళాలు మనవైపే వేసుకోవాలి: బ్యాంకులో, ఫోన్‌లో, ఇంట్లో.

డబ్బు దారి

చాలామంది ముందు యాప్ డిలీట్ చేస్తారు. అది ఆఖరున చేయాల్సిన పని. యాప్ తిరిగి ఎక్కించడానికి నిమిషం చాలు, డబ్బు లేకపోతే ఆ యాప్ దేనికీ పనికిరాదు.

జీతం పడే ఖాతాకి యూపీఐ లేకుండా చేయడం మొదటి మెట్టు. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, బ్యాంకు సొంత యాప్, ఇలా ఎన్నిట్లో ఆ ఖాతా కలిపి ఉందో చూసి అన్నిట్లోనూ తీసేయాలి. ఒక్కటి మర్చిపోయినా అదే చాలు. తర్వాత డెబిట్ కార్డు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ప్రతి బ్యాంకూ కార్డు వాడకాన్ని విడివిడిగా ఆన్, ఆఫ్ చేసే సదుపాయం ఇవ్వాలి. బ్యాంక్ యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్లి ఆన్‌లైన్, అంతర్జాతీయ, ట్యాప్ చేసి చెల్లించే లావాదేవీలు మూడూ ఆఫ్ చేయండి. ఏటీఎం రోజువారీ పరిమితి రెండు వేలకు దించండి. క్రెడిట్ కార్డుకీ ఇదే చేయాలి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి ఉంటే దాన్నీ విడదీయాలి, ఈ కన్నం చాలామందికి గుర్తురాదు.

ఎక్కడ తప్పుతుందంటే, డెబిట్ కార్డు అమ్మ దగ్గర దాచి "ఇక యూపీఐ పెట్టుకోలేడు" అనుకుంటారు. కానీ యూపీఐ పిన్ ఇప్పుడు ఆధార్ ఓటీపీతో కూడా పెట్టుకోవచ్చు, కార్డు అక్కర్లేదు. అందుకే కార్డు దాచడంతో ఆగకండి. ఖాతాకి కలిపిన మొబైల్ నంబర్‌ని బ్యాంకుకి వెళ్లి మార్పించడం గట్టి పద్ధతి. ఆ సిమ్ ఇంట్లో నమ్మకమైన మనిషి ఫోన్‌లో ఉండాలి. ఇంకా గట్టిది కావాలంటే ఇద్దరూ కలిసి సంతకం పెట్టే ఉమ్మడి ఖాతా. అలాంటి ఖాతాలకి సాధారణంగా యూపీఐ, డెబిట్ కార్డు ఇవ్వరు. "ఇద్దరిలో ఎవరైనా" అనే ఉమ్మడి ఖాతా తెరిస్తే మాత్రం ప్రయోజనం సున్నా.

రోజువారీ ఖర్చులకి రెండో ఖాతా ఒకటి ఉంచుకోండి. ప్రతి సోమవారం జీతం ఖాతా నుంచి వెయ్యో, పదిహేను వందలో దానికి పడేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. అది పోయినా ఆ వారానికే నష్టం. అద్దె, కరెంటు, స్కూల్ ఫీజు, ఈఎంఐలు జీతం పడిన రోజే లేదా మర్నాడే వెళ్లిపోయేలా తేదీలు మార్పించుకోండి. నెల మొదటి మూడు రోజులే అన్నిటికంటే ప్రమాదం, ఖాతాలో నిండుగా డబ్బు కనబడేది అప్పుడే.

భార్యాభర్తలకీ తల్లీకొడుకులకీ బాగా పనికొచ్చేది యూపీఐ సర్కిల్. 2024లో వచ్చింది, ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు తమ ఫోన్‌తో చెల్లించే ఏర్పాటు ఇది. ఒకరు ప్రధాన వాడకందారు, ఇంకొకరు రెండో వాడకందారు. ఇందులో రెండు రకాలున్నాయి. పూర్తి అనుమతి ఇస్తే నెలకి 15,000, ఒక్కో చెల్లింపు 5,000 దాటకుండా రెండో వ్యక్తి తనంతట తాను కట్టుకోవచ్చు. పాక్షిక అనుమతి ఇస్తే ప్రతి చెల్లింపుకీ ప్రధాన వ్యక్తి ఫోన్‌కి అభ్యర్థన వస్తుంది, ఆ వ్యక్తి పిన్ కొడితేనే డబ్బు వెళ్తుంది. బెట్టింగ్ మానుకుంటున్న మనిషికి పెట్టాల్సింది రెండోది. కూరగాయల బండి దగ్గర ముప్ఫై రూపాయలకి కూడా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవాలంటే మొదటి పది రోజులు చిరాగ్గానే ఉంటుంది. అందుకే చిల్లర ఖర్చులకి నోట్లు జేబులో ఉంచుకోవడం మేలు. నగదుతో బెట్టింగ్ సైట్‌లో లోడ్ చేయడం కష్టం.

ఇంకా మూడు కన్నాలున్నాయి. యూపీఐ లైట్‌లో 5,000 వరకు నిల్వ ఉంటుంది, వెయ్యి రూపాయల వరకు పిన్ లేకుండా పోతుంది, దాన్ని మూసేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి తెలియని మాండేట్లు (దానంతటదే డబ్బు కోసుకునే అనుమతులు) ఉంటే రద్దు చేయండి. మూడోది ఫిక్స్‌డ్ డిపాజిట్. అర్ధరాత్రి రెండింటికి మొబైల్ బ్యాంకింగ్‌లో నిమిషంలో డిపాజిట్ రద్దు చేసి డబ్బు తీసుకోవచ్చు. పిల్లల చదువుకి దాచింది అలా కరిగిపోతుంది. దాన్ని ఇద్దరి సంతకాలుండే డిపాజిట్‌గానో, కౌంటర్‌కి వెళ్తే తప్ప తీయలేని పోస్టాఫీసు డిపాజిట్‌గానో మార్చండి.

ఆ క్యూఆర్ దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. రెండు వేలు లోడ్ అని నొక్కితే వచ్చే క్యూఆర్ స్కాన్ చేయగానే, పిన్ అడిగే ముందు, ఒక పేరు కనబడుతుంది. ఎవరో తెలియని మనిషి పేరో, ఏదో ఊళ్లోని బట్టల కొట్టు పేరో. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ లోడ్ చేస్తే ఇంకో పేరు. ఇవి అద్దెకి తీసుకున్న ఖాతాలు, మ్యూల్ ఖాతాలంటారు. మీరు గెలిచిన డబ్బూ అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతాలోకి ఎక్కడో సైబర్ మోసంలో పోయిన సొమ్ము కూడా పడి ఉంటే, బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే పోలీసులు ఆ డబ్బు ఎటెటు వెళ్లిందో వరసగా పట్టుకుంటూ వస్తారు. మీ ఖాతాలో కూడా ఆ మొత్తాన్ని ఆపేస్తారు, ఒక్కోసారి ఖాతా మొత్తం స్తంభిస్తుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో ఉంటే తెరిపించుకోవడానికి నెలలు పడుతుంది. "విత్‌డ్రా అయింది కదా, నమ్మకమైన సైటే" అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఫోన్

ఈ యాప్‌లు ఎక్కువగా వచ్చేది ఏపీకే ఫైల్‌గా, అంటే ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే ఫైల్‌గా. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాప్స్, ప్రత్యేక అనుమతులు, "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనే చోటికి వెళ్లి క్రోమ్, వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్, అన్నిటికీ ఆ అనుమతి తీసేయండి.

తర్వాత అడ్డుకునే యాప్. బెట్‌బ్లాకర్ ఉచితం, బ్రిటన్‌లోని ఒక ధర్మసంస్థది, పేరు కూడా ఇవ్వక్కర్లేదు. ఒక రోజు నుంచి ఐదేళ్ల వరకు గడువు ఎంచుకోవచ్చు, మధ్యలో మనసు మారినా తీసేయడం తేలిక కాదు. మొదట ఒక రోజుకి పెట్టి బ్యాంక్ యాప్‌లూ ఆఫీసు యాప్‌లూ సరిగా నడుస్తున్నాయో చూడండి, తర్వాతే ఏడాదికి వెళ్లండి. గాంబాన్ కూడా ఇలాంటిదే, దానికి చందా కట్టాలి. ఇలాంటివి ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా వీపీఎన్ రూపంలో, అంటే ఫోన్ ఇంటర్నెట్‌ని తమ గుండా పంపుతూ పనిచేస్తాయి. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచేవాటిని చంపేస్తాయి, బ్లాకర్ ఆగిపోయినట్టు మీకు తెలియదు కూడా. బ్యాటరీ సెట్టింగ్‌లో దానికి ఆంక్షలు తీసేసి ఆటోస్టార్ట్ ఆన్ చేయండి. వీపీఎన్ సెట్టింగ్‌లో "ఎప్పుడూ ఆన్" అనేది ఎంచుకుని, వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపేయమనేదీ ఆన్ చేయండి.

ఇంట్లో వైఫై ఉంటే రూటర్‌లో ఓపెన్‌డీఎన్‌ఎస్ అనే సైట్ల వడపోత సేవ పెట్టి జూదం విభాగాన్ని ఆపేయొచ్చు. అయితే మొబైల్ డేటాకి మారగానే రూటర్ తాళం పనిచేయదు. ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే సెట్టింగ్‌లో అలాంటిదే అయిన నెక్స్ట్‌డీఎన్‌ఎస్ చిరునామా ఇస్తే డేటాలోనూ పనిచేస్తుంది. ఉచిత వాడకం నెలకి మూడు లక్షల క్వెరీల (ఫోన్ ఏదైనా సైట్ చిరునామా అడిగిన ప్రతిసారీ ఒకటి) వరకే. అది దాటితే ఇంటర్నెట్ ఆగదు కానీ వడపోత ఆగిపోతుంది. నెల చివర్లో సైట్లు హఠాత్తుగా తెరుచుకుంటుంటే కారణం ఇదే.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి పెద్దల సైట్లను పరిమితం చేసి, వాడిన సైట్ల పేర్లను "ఎప్పుడూ వద్దు" జాబితాలో చేర్చండి. పాస్‌కోడ్ ఇంకొకరు పెట్టాలి. అది మర్చిపోతే మార్చడానికి ఏ యాపిల్ ఐడీ ఇస్తారో అదీ వాళ్లదే అయి ఉండాలి. లేకపోతే రెండు నిమిషాల్లో మార్చేసుకోవచ్చు.

శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్, షావోమీ సెకండ్ స్పేస్, డ్యూయల్ యాప్స్, పాత ఫోన్, ఆఫీసు ల్యాప్‌టాప్, ఇవన్నీ దొడ్డిదారులు. వాటిని ఎవరో వచ్చి కనిపెట్టలేరు, ఆడే మనిషే కూర్చుని తన దారులన్నీ కాగితం మీద రాయాలి. నిజంగా మానాలనుకున్న రోజు పొద్దున, తల తేటగా ఉన్నప్పుడు రాస్తే అన్నీ బయటికొస్తాయి.

విదేశీ సైట్లు పేరు చివర ఒక అంకె మార్చి రోజుకో చిరునామాతో వస్తాయి, ఏ బ్లాకర్ జాబితా అయినా వాటికంటే ఒకడుగు వెనకే ఉంటుంది. కాబట్టి లింకు చేరే దారిని కోయాలి. వాట్సాప్ ప్రైవసీలో, టెలిగ్రామ్ ప్రైవసీలో "నన్ను గ్రూపుల్లో చేర్చగలిగేవారు" అన్నచోట కాంటాక్టులు మాత్రమే అని పెట్టండి. టిప్స్ ఇచ్చే ఛానళ్లన్నిటి నుంచి బయటికి రండి. బుకీ నంబర్‌ని డిలీట్ చేస్తే సరిపోదు, బ్లాక్ చేయాలి. గూగుల్ మై యాడ్ సెంటర్‌లో జూదం ప్రకటనల్ని తగ్గించే మీట ఉంది. "స్టార్ట్ 0" అని ఇంగ్లిష్‌లో 1909కి ఎస్సెమ్మెస్ పంపితే ప్రచార సందేశాలు ఆగుతాయి. ఐపీఎల్ రెండు నెలలూ మ్యాచ్ ఒంటరిగా ఫోన్‌లో చూడకపోవడం మంచిది, హాల్లో టీవీలో అందరితో కలిసి చూడండి.

బెట్టింగ్ మానేశానని చెప్పి ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి దిగేవాళ్లూ ఉన్నారు. పేరు గౌరవంగా ఉంటుంది, చేతి దురద అదే. 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. బ్రోకర్‌తో ఆ సెగ్మెంట్ ఆపేయించండి.

అప్పులు

బాకీలన్నీ ఒకే కాగితం మీదకి రావాలి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, తాకట్టు ఏముంది, గడువు ఎప్పుడు. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు కూడా. మొదటిసారి చెప్పే మొత్తం దాదాపు ఎప్పుడూ నిజం కంటే తక్కువ ఉంటుంది, సిగ్గుతో ఒకటి రెండు దాస్తారు. వారం తర్వాత ఇంకోసారి అడగండి, కోప్పడకుండా. దాచిన అప్పు ఒక్కటి మిగిలినా దాన్ని ఎవరికీ తెలియకుండా తీర్చాలన్న ఆలోచనే మళ్లీ లోడ్ చేయిస్తుంది.

నాన్నగారో, బావగారో తీర్చడానికి ముందుకొస్తే డబ్బు అబ్బాయి చేతికివ్వకండి, అతని ఖాతాకీ పంపకండి. నేరుగా అప్పిచ్చినవాళ్లకి కట్టి రసీదు తీసుకోండి. పొలం అమ్మి ఒకేసారి అంతా తీర్చేయడమూ తొందరపాటే. తాళాలు వేయకముందే అప్పు సున్నా అయితే, కొత్త అప్పు పుట్టే చోటు ఖాళీ అయినట్టే. అధిక వడ్డీవీ, తాకట్టు ఉన్నవీ ముందు తీర్చి, మిగతావి అతని జీతంలోంచే నెలనెలా వెళ్లనివ్వండి.

లోన్ యాప్‌లో రాత్రి అప్పు తీసేసుకుని పొద్దున తేరుకున్నవాళ్లకి ఒక దారుంది. రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలి. ఆ లోపు అసలూ, ఆ కాస్త రోజుల వడ్డీ కట్టేస్తే అపరాధ రుసుం లేకుండా అప్పు రద్దవుతుంది. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే ముందు ఆ పని చేయండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బ్యాంకు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదుకి రిజర్వ్ బ్యాంక్ నంబర్ 14448. ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకి పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేయండి. బెదిరింపుకి భయపడి కట్టిన ప్రతిసారీ ఇంకోటి అడుగుతారు.

జారిపోయిన రాత్రి

జారడం మామూలే. అందుకు ముందే ఏర్పాటు ఉండాలి. ఆ రాత్రి చేయాల్సినవి: ఫోన్ ఇంకో గదిలో చార్జింగ్‌కి పెట్టి రావడం, ముందే మాట్లాడుకున్న మనిషికి "పోగొట్టాను" అని ఒక్క ముక్క పంపడం, పొద్దునే మిగిలిన డబ్బు జీతం ఖాతాకి తిప్పేయడం. ఏ కన్నం లోంచి జారారో మర్నాడు చూసి అది మూసేయండి. చాలా బ్యాంకుల్లో యూపీఐ కొత్తగా పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5,000 దాటి పంపనివ్వరు. కాబట్టి యూపీఐ పూర్తిగా తీసేసి ఉంటే, జారినా నష్టం ఆ రాత్రికి ఆ మేరకే ఆగుతుంది.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. ఎంత తిట్టాలనిపించినా ఆ రాత్రి వద్దు. "చచ్చిపోతే పీడా పోతుంది" లాంటి మాట అతని నోట వచ్చినా, అందరికీ బాకీలు చెల్లించి వీడ్కోలు చెప్తున్నట్టు ప్రవర్తించినా, మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా, మాత్రలు అందకుండా తీసేయండి. నేరుగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి.

ఎవరిని అడగాలి

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. కౌన్సెలర్ మాట్లాడి, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. కేసవుతుందేమోనన్న భయంతో చాలామంది ఆగిపోతున్నారు. కొత్త కేంద్ర చట్టం ఆడినవాళ్లని శిక్షించదు. రాష్ట్ర చట్టాల్లో ఆడటమూ నేరమే కానీ, వైద్యుడికి చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

బయట ఉండేవాళ్లకి వేరే దారులున్నాయి. బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకి గామ్‌స్టాప్ ఉచితం, "నన్ను ఆడనివ్వకండి" అని పైన చెప్పిన నమోదు ఇదే. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని ఎంచుకోవాలి, మధ్యలో రద్దు కుదరదు. మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు ఒక సైట్‌లో ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పేరు పోలకపోతే సైట్ మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరిచ్చి, వాడిన మెయిళ్లు, నంబర్లు, పాత గదుల పోస్ట్‌కోడ్‌లు అన్నీ చేర్చండి. ఆస్ట్రేలియాలో అలాంటిదే బెట్‌స్టాప్, 2023 ఆగస్టు నుంచి ఉంది, మూడు నెలల నుంచి జీవితాంతం వరకు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో జాబితా. న్యూజెర్సీలో నమోదైతే పెన్సిల్వేనియాలో వర్తించదు, ఇల్లు మారితే మళ్లీ చేసుకోవాలి.

ఇది జబ్బేనా అంటే, అవును. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వైద్యులు వాడే డీఎస్ఎం-5 అనే గ్రంథంలో దీనికి తొమ్మిది లక్షణాలున్నాయి. పోయింది రాబట్టాలని మళ్లీ ఆడటం, అబద్ధాలు చెప్పడం, మానబోతే చిరాకు, మొత్తం పెంచుకుంటూ పోవడం వాటిలోవి. ఏడాదిలో నాలుగు కనిపిస్తే చాలు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, జిల్లా ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో టెక్నాలజీ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. ప్రధాన చికిత్స మాటలతోనే: ఏ సమయంలో, ఏ మూడ్‌లో ఆడుతున్నారో పట్టుకుని ఆ గొలుసు తెంపడం. కొందరికి నాల్ట్రెక్సోన్ లాంటి మందు డాక్టర్ రాస్తారు, సొంతంగా వాడేది కాదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు తీసుకెళ్లండి, నోటితో చెప్పలేనిది అవి చెప్తాయి. వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి. పార్కిన్సన్స్‌కి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్, మానసిక సమస్యలకి వాడే అరిపిప్రజోల్ కొందరిలో జూదం కోరికని పుట్టిస్తాయి. అరవై దాటాక, ఎన్నడూ పేకముక్క ముట్టని మనిషి హఠాత్తుగా ఫోన్‌లో రమ్మీకి అతుక్కుపోతే ముందు ఆ చీటీ చూపించండి. మందు మీరే ఆపేయకండి, మోతాదు తగ్గించాలా మార్చాలా అన్నది రాసిన డాక్టరే చూడాలి.